ఎవరింటి గుడ్డుపెంకులు

మిల్లు మూతపడిన కొద్దిరోజులకే పనివాళ్ళ లైను ఇళ్ళలో కుప్ప, అంటే చెత్త, తగ్గిపోయింది. అంతకుముందు మా అత్త పేచ్చియమ్మాళూ నేనూ కలిసి తోస్తేగాని కదలని బండిని ఆ ఎండాకాలం నేనొక్కదాన్నే తోసుకుపోయేదాన్ని. అత్త చీపురు భుజాన వేసుకుని పక్కన నడిచేది. ఒక్కో వాకిట్లో ఒక్కో తొట్టి వంచి చూసి పెదవి విరిచేది.

"చూస్తివా వల్లీ, చింతపండు పిప్పి కూడా రెండుసార్లు పిండి పారేసినారు. మనకంటే ముందు మన పంది చిక్కిపోతాది."

ఎమర్జెన్సీకి ముందటి ఏడు అది. పనిలోంచి తీసేసినవాళ్ళను మళ్ళీ చేర్చుకోవాలని పనివాళ్ళ సంగం సమ్మెకు దిగింది. యజమాని గేటుకు తాళం వేశాడు. కోయంబత్తూరు చివర మిల్లు కట్టించిన ఆ లైను ఇళ్ళకు మునిసిపాలిటీ బండి వచ్చేది కాదు. అక్కడ కుప్ప ఎత్తే పని మొదటినుంచీ మా అత్తవాళ్ళదే. ఇంటింటి తొట్టీ బండిలో గుమ్మరించుకుని, కాలవ దాటాక మా కాలనీ పక్కనున్న గుంత దగ్గర కూర్చుని వేరుచేసేవాళ్ళం. మెతుకులూ తొక్కలూ పందికి. బూడిదా కుళ్ళినదీ ఎరువుకు, రైతులు ఎడ్లబండ్లతో వచ్చి తీసుకుపోయేవాళ్ళు. కాగితాలూ డబ్బాలూ సీసాలూ పాత ఇనుము కొట్టుకు. ఎముకలు విడిగా ఒక గోనెలో.

రోజూ ఆ పని చేసేవాళ్ళకు ఏ ఇల్లు ఏం తింటుందో తెలియకుండా ఎలా ఉంటుంది? ఎవరింట్లో పండగ చేశారో, ఎవరింట్లో పొయ్యి వెలగలేదో, ఎవరు కాఫీపొడి మానేసి మెంతులు వేయించుకుంటున్నారో మాకు తెలిసేది. తెలిసినా మా నోట రాదని నమ్మబట్టే వాళ్ళు తొట్టి మా ముందర పెట్టేవాళ్ళు. అత్త నాకు పని నేర్పినప్పుడు చెప్పింది ఇదొక్కటే, ఇంటికి పోయినాక కుప్ప గురించి మాట్లాడకూడదని.

ఒక పొద్దున లైను చివర సంగం సెక్రెటరీ రామచంద్రన్ మాకు ఎదురొచ్చాడు. వాళ్ళు నాయుళ్ళు. వాళ్ళ ఇళ్ళల్లోనూ తెలుగే, మా ఇళ్ళల్లోనూ తెలుగే, మాటను నొక్కడానికి అరవంలోలా 'దా' తగిలించే తెలుగు, కానీ మా అత్త వయసు ఎంతైనా ఆ లైనులో పిల్లల దగ్గర్నుంచి అందరికీ ఆమె పేచ్చీయే. ఆ రోజు అతను "పేచ్చియమ్మా" అన్నాడు. ఆ 'అమ్మ' వినగానే అత్త నా మోచెయ్యి గిల్లింది. బండి ఆపాను.

"లోపలుండే నూలు బేళ్ళు లారీల్లో బయటికి పోతా ఉండాయి. వెనక గేటులో నింపుతా ఉండారు. ఆ సరుకు అమ్ముడుబోయే కొద్దీ యజమాని ఎన్నాళ్ళయినా మిల్లు మూసి కూర్చుంటాడు, మనం ఎండిపోతాం" అన్నాడు. "ఎక్కించేది బయటవాళ్ళు కారు. మనవాళ్ళే ఎవరో."

"అట్లనా సామీ" అంది అత్త.

"కూలి వచ్చేవాని పొయ్యి దా మండుతాది. చేపముల్లో, ఎముకో, గుడ్డుపెంకో, ఏ ఇంటి తొట్టిలో కండ్లబడినా నాతో చెప్పు. నీకు తెలీకుండా పోదు."

"బండిలో పడినాక అంతా ఒకటే సామీ. ఎవరిది ఏదని నేను చూసేది లేదు."

"మీ తంగవేలు కూడా మిల్లువాడే కదా. వానికోసమన్నా చూడు."

తంగవేలు నా మొగుడు. మిల్లులో బదిలీ పనివాడు. ఎవరైనా రాని రోజున ఆ బదులుకు పిలిస్తే పని, లేకపోతే లేదు. సమ్మె మొదలయ్యాక కారమడై వైపు అరటితోటల్లో కూలికి పోతున్నానని పొద్దున్నే వెళ్ళి సాయంత్రానికి వచ్చేవాడు. వచ్చేటప్పుడు తువ్వాలులో బియ్యం మూటగట్టుకొచ్చేవాడు. ఆ బియ్యంతోనే మా ఇంట్లో పొయ్యి వెలుగుతుండేది.

రామచంద్రన్ మమ్మల్ని అడిగిన సంగతి సాయంత్రానికల్లా లైనంతా తెలిసిపోయింది. మర్నాటినుంచి తొట్లమీద మూతలు పడ్డాయి. మూత లేనివాళ్ళు అరిటాకు కప్పి రాయి పెట్టారు. కొందరు పెరట్లోనే గొయ్యి తవ్వి పూడ్చుకున్నారు. కొందరు తగలబెట్టారు. అలా పూడ్చినవాళ్ళనూ తగలబెట్టినవాళ్ళనూ చూసి పక్కింటివాళ్ళు, తినకపోతే దాచేదేంటికని గొణుక్కున్నారు. ఒక ఇంటి బూడిద ఎక్కువుందని పక్కవాళ్ళు, వేడినీళ్ళకు కాలిందని ఆ ఇంటివాళ్ళు తగువుపడ్డారు. కొళాయి దగ్గర ఆడవాళ్ళు ఒకరి బిందె పక్కన ఒకరు నిలబడి ఒకరి నోరు ఒకరు వాసన చూస్తున్నట్టుండేవాళ్ళు. మమ్మల్ని చూడగానే మాట ఆపేసేవాళ్ళు.

నేను మాత్రం ఏం తక్కువ? అత్త వద్దన్నకొద్దీ నా కళ్ళు తొట్టిలోకే పోయేవి. ఈ ఇంట్లో ఉల్లిపొట్టు ఎక్కువుందేం? ఆ ఇంట్లో సబ్బు కాగితం ఎక్కడిది? బండి తోస్తూ తోస్తూ ఒక్కో ఇంటినీ దొంగను చేసి, తర్వాతి ఇంటికి పోయేసరికి వదిలేసేదాన్ని.

అలా చూస్తుంటేనే గోవిందమ్మాళ్ తొట్టిలో గుడ్డుపెంకులు కనిపించాయి.

గోవిందమ్మాళ్ మొగుడు ఆండియప్ప స్పిన్నింగు విభాగంలో పర్మనెంటు మనిషి. పిల్లలు లేరు. ఇద్దరూ ఎవరి జోలికీ పోరు. పెంకులు బూడిదలో పూడ్చి ఉన్నాయి. మర్నాడూ ఉన్నాయి. ఆ పక్క రోజూ ఉన్నాయి. దొరికారనుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు సంతోషం కూడా కలిగింది. అన్నాళ్ళు లైనంతా మమ్మల్ని చూసి మూతలు వేసుకుంటుంటే నాకు కడుపు మండిపోయేది. అసలు దొంగ దొరికితే అదంతా పోతుందనుకున్నాను.

గుంత దగ్గర కూర్చుని ఆ బూడిద జల్లెడపడుతుంటే పెంకుల కింద ఇంకొకటి చేతికి తగిలింది. గుడ్డపీలికలో చుట్టిన చిన్న గాజు సీసాలు. బొటనవేలంత ఉంటాయి, రబ్బరు మూత, ఆ మూతమీద సూది గుచ్చిన గుర్తులు. ఆ సీసాలు నేను ఎరుగుదును. మా పుట్టిల్లు ఆండిపట్టిలో మా అన్న జబ్బుపడి మంచంలో ఉన్నప్పుడు ఇలాంటివే మా ఇంటి వెనక పోగుపడ్డాయి. రొమ్ముజబ్బుకు, అంటే క్షయకు, వేసే సూదిమందు. ఆ మందు వేసుకునేవాళ్ళకు గుడ్లు పెట్టాలని డాక్టరు చెప్తాడు.

తలెత్తాను. అత్త నావైపే చూస్తోంది.

"నీకు ముందే తెలుసా అత్తా?"

"మిల్లులో తెలిసిందంటే తీసేస్తారు. లైనులో తెలిసిందంటే కొళాయి దగ్గరికి రానీరు" అంది. సీసాలు నా చేతిలోంచి తీసుకుని, పాత ఇనుము గోనెలో వెయ్యకుండా గుంత మూల పాతిపెట్టింది. చేతులు దులుపుకుని, "మామిడిటెంకలు పందికి వెయ్యొద్దు, గొంతులో పడతాది" అంటూ వేరే మాటలోకి వెళ్ళిపోయింది.

ఆండియప్ప ఇంట్లోంచి బయటికి రాకపోవడం, గోవిందమ్మాళ్ ఇత్తడి బిందె పోయి మట్టికుండ రావడం అప్పుడు అర్థమయ్యాయి నాకు. ఆమె బిందె అమ్మి గుడ్లు కొంటోంది.

కానీ చూసే కళ్ళు నావి మాత్రమే కావు కదా. రామచంద్రన్ తల్లి నాగమ్మాళ్ ఒకరోజు మా బండి వెనకే వచ్చింది. నేను గోవిందమ్మాళ్ తొట్టి గుమ్మరించగానే కర్రతో బండిలో బూడిద కెలికింది. తెల్లగా పెంకులు పైకి తేలాయి.

"ఇదిగో!" అని కేక పెట్టింది. "రండి, వచ్చి చూడండి! మా కోడలు గంజినీళ్ళు తాగి బిడ్డకు పాలు లేక ఏడస్తా ఉంది. ఇక్కడ గుడ్లు!"

చుట్టుపక్కల తలుపులు తెరుచుకున్నాయి. ఆడవాళ్ళు, వాళ్ళ వెనక మొగవాళ్ళు వచ్చారు. ఎవరో "ఆండియప్పను బయటికి రమ్మను, లారీ ఎక్కించిన భుజాలు చూద్దాం" అని తమిళంలో అరిచారు. ఇంకెవరో తలుపు మీద తన్నారు. గోవిందమ్మాళ్ గడపమీద అడ్డంగా నిలబడింది. లోపల ఆండియప్ప దగ్గు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని దగ్గుతున్నట్టు వినిపించింది. ఇంకొక్క నిమిషం గడిస్తే వాళ్ళు లోపలికి పోతారు. లోపలికి పోతే ఆ జబ్బు గుట్టు మిల్లుకూ లైనుకూ ఒకేసారి తెలిసిపోతుంది.

"అవి ఆ ఇంటివి కావు" అన్నాను.

అందరూ నావైపు తిరిగారు. అత్త చీపురు కిందపెట్టింది.

"పొద్దున మా ఇంటి కుప్ప బండి అడుగున వేసుకొస్తిని. కెలికితే పైకి వచ్చింది. గుడ్లు మావి. మా కోళ్ళు పెట్టినవి."

"కోళ్ళు పెడితే అమ్ముకుంటారు గాని మీరు తింటారా?" అంది నాగమ్మాళ్. "ఈ కాలంలో?"

"తింటిమి. ఏం, మేము తినకూడదా?"

నేను బండి ముందుకు తోశాను. జనం రెండు పక్కలకీ జరిగారు. చెప్పేటప్పుడు నాకు భయం వెయ్యలేదు. నా మొగుడు రోజూ కారమడైకి కూలికి పోతాడని అందరికీ తెలుసు, మమ్మల్నెవరు ఏమంటారనుకున్నాను. వీపు మీద వాళ్ళ చూపులు గుచ్చుకుంటున్నా అదే అనుకుంటూ కాలవ దాటాను.

సాయంత్రం నేను వాకిట్లో కూర్చుని చేటలో బియ్యం ఏరుతుంటే తంగవేలు వచ్చాడు. టీకొట్టు దగ్గర విన్నట్టున్నాడు. కాళ్ళు కడుక్కోలేదు. తువ్వాలు తీయలేదు. గోడకానుకుని కూలబడ్డాడు.

"నీకు ఎప్పట్నించి తెలుసు వల్లీ?" అన్నాడు.

గోవిందమ్మాళ్ సంగతి అనుకున్నాను. ఇతనికి ఎవరు చెప్పారా అని, "దేని గురించి?" అన్నాను.

"నడిలైనులో నిలబడి, గుడ్లు మావే, తినేది మేమే అన్నావంట. నన్ను దా అడిగుండొచ్చు కదా. అందరి ముందర ఏల చెప్పితివి?"

చేటలో నా చెయ్యి ఆగిపోయింది. ఆ బియ్యం అతను తెచ్చిందే. అతని చొక్కా వైపు చూశాను. అరటితోటలో పనిచేసేవాళ్ళ చొక్కా ఎంత ఉతికినా తెల్లబడదు, అరటి జిగురు మరక నల్లగా అలాగే ఉండిపోతుంది. నేను ఇన్నాళ్ళు ఉతికిన చొక్కా మీద ఒక్క మరక లేదు. భుజం దగ్గర మాత్రం బేళ్ళకు చుట్టే గోనెపీచు అంటుకుని ఉంది. లైనులో ప్రతి ఇంటి తొట్టిలోకీ తొంగిచూశాను గాని ఈ చొక్కా వైపు ఎన్నడూ పరీక్షగా చూడలేదు.

"నాకు తెలీదు మామా" అన్నాను. "అవి గోవిందమ్మాళ్ ఇంటివి. ఆండియప్పకు రొమ్ముజబ్బు. కాపాడదామని అట్ల చెప్పితిని. నీ సంగతి నాకు ఇప్పుడు దా తెలిసింది."

అతను కళ్ళు మూసుకున్నాడు. తర్వాత తనంతట తానే చెప్పాడు. మిల్లు మేస్త్రి ఆరోగ్యసామి పిలిచాడట. వెనక గేటులో బేళ్ళు ఎక్కిస్తే, మిల్లు తెరిచాక పర్మనెంటు పని టోకెను ఇప్పిస్తానన్నాడట.

"ఎన్నేండ్లు బదిలీగా ఉండేది? సంగం సంగమంటారు. ఆ సంగం షెడ్డులో నాకు టీ గ్లాసు వేరే. చందా మాత్రం వేరే కాదు."

అందులో అబద్ధం లేదు. పందిదొడ్డి దగ్గర కుడితి కలుపుతున్న అత్త ఎప్పుడొచ్చిందో, మా వెనక నిలబడి ఉంది. ఆమె చేతులనుంచి కుడితి కారుతోంది.

"రేపట్నించి బండి నువ్వు దా తొయ్యాల" అంది కొడుకుతో.

"నేనా?"

"నువ్వే. లైనంతా చూసేట్టు. బండి తోసేవాడు లారీ దగ్గర ఉండలేడు."

తంగవేలు పెళ్ళిచూపులప్పుడు నాతో చెప్పిన మొదటి మాట, తాను కుప్ప బండి తాకేవాడు కాదని, మిల్లువాడని. అత్తకు అది తెలుసు. తెలిసే చెప్పింది.

"తొయ్యకపోతే?" అన్నాడు.

"రామచంద్రన్ ఇంటికి నేనే పోతాను."

పోతుందని అతనికి తెలుసు. నాకూ తెలుసు.

మర్నాడు అతను తువ్వాలు ముఖానికి చుట్టుకుని బండి పట్టుకున్నాడు. లైను మొదట్లోనే అత్త ఆ తువ్వాలు లాగేసి భుజాన వేసింది. వాకిళ్ళలో ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నాగమ్మాళ్ మాత్రం అరుగుమీద కూర్చుని, "ఏమిరా తంగవేలూ, కారమడై తోటలు ఎండిపోయినాయా?" అంది. అతను ఒక్కో తొట్టీ వంగి ఎత్తాడు. మొదటిరోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. రెండోరోజు తిన్నాడు.

ఒక మధ్యాహ్నం ఆరోగ్యసామి మేస్త్రి సైకిలు మీద కాలవ గట్టుకు వచ్చి, దిగకుండానే పలకరించాడు. "తంగవేలూ, రాకపోతే నీ పేరు పోతాది. తర్వాత నన్ను అడగొద్దు." తంగవేలు డబ్బాలు తొక్కి చదును చేస్తూనే ఉన్నాడు. మేస్త్రి వెళ్ళిపోయాక తలెత్తి సైకిలు వైపు చాలాసేపు చూశాడు. ఆ చూపు చూసి నాకు గుబులు పట్టుకుంది. ఆ తర్వాత అతను కాలవకు స్నానానికి పోయినా ఏ గట్టు ఎక్కుతున్నాడో చూసేదాన్ని. బీడీకని లేచినా లెక్క ఉండేది నాకు. చొక్కా ఉతికేముందు భుజాలు తడిమేదాన్ని. అతను అది గమనించాడు.

గోవిందమ్మాళ్ నాతో మాట్లాడింది ఒక్కసారే. తొట్టి గుమ్మరించాక ఆమె నా చేతిలో ఒక చిన్న మూట పెట్టింది. లోపల గాజు సీసాలు గలగలమన్నాయి.

"బూడిదలో వెయ్యను. ఇంక నీ చేతికే ఇస్తాను వల్లీ" అంది. మా వాళ్ళ చేతిని తాకకుండా పైనుంచి పడేసే అలవాటు ఆ లైనులో అందరిదీ. ఆమె వేళ్ళు నా అరచేతిలో కాస్సేపు ఉన్నాయి.

ఎండలు పోయి ఆడి మాసం గాలి మొదలయ్యేసరికి రాజీ కుదిరింది. తీసేసినవాళ్ళలో కొందర్ని చేర్చుకున్నారు, కొందర్ని లేదు. గేట్లు తెరిచారు. ఆండియప్ప మొదటి షిఫ్టుకే పోయాడు. జబ్బు బాగా తగ్గినట్టున్నా, నడక మాత్రం మెల్లగానే ఉంది. బదిలీవాళ్ళలో ఎవర్ని తీసుకోవాలో సంగమే చెప్పాలని ఒప్పందం. మేస్త్రి ఇప్పిస్తానన్న టోకెనుకు ఇక విలువ లేదు. అంతా రామచంద్రన్ మాటమీద ఉంది.

అతను మా బండికి అడ్డంగా వచ్చి నిలబడింది సరిగ్గా గోవిందమ్మాళ్ వాకిట్లో. ఆమె తలుపు దగ్గర చేట పట్టుకుని ఉంది, కదల్లేదు.

"తంగవేలూ" అన్నాడు రామచంద్రన్. "నీ పెండ్లాం ఆరోజు ఎవరినో కాపాడేకి అబద్ధం చెప్పిందని నాకు అనుమానం. ఎండాకాలమంతా లారీ కూలి తిన్నవాడు కుప్పబండి తొయ్యడు. నువ్వు కాదని దా నేను అనుకుంటా ఉండాను. ఆ గుడ్లు ఎవరింటివో చెప్పు, చాలు. రేపే నీ పేరు లోపలికి పంపిస్తాను. బదిలీగా కాదు, పర్మనెంటుగా."

నేను బండి అంచు పట్టుకున్నాను. చెప్పేస్తాడనే అనుకున్నాను. ఎందుకు చెప్పడు? ఇన్నేళ్ళు అతను అడిగింది అదే. చెప్తే అతను చెప్పేది నిజమే అవుతుంది, ఎవరూ తప్పుపట్టరు. ఒక్కమాటతో తన తప్పు కూడా కడిగినట్టు పోతుంది. అత్త కొడుకు వైపు చూడటం లేదు, నేల ఊడుస్తోంది, ఊడ్చిన చోటే ఊడుస్తోంది.

తంగవేలు గోవిందమ్మాళ్ వైపు చూడలేదు. నావైపూ చూడలేదు.

"మావే అన్నా" అన్నాడు. అతన్ని ఎప్పుడూ సామీ అనేవాడు. "మా ఇంటివే. మేము దా తింటిమి."

రామచంద్రన్ ముఖంలో రంగు మారింది. "అంటే... లారీ?"

"బండి పోవాల. కొంచెం జరుగు అన్నా."

రామచంద్రన్ జరిగాడు. తంగవేలు ఒంగి బండి తోశాడు. మిల్లు గేటు అతనికి మళ్ళీ తెరుచుకోలేదు. ఆ లైనులో చాలామంది అతనితో మాట్లాడటం మానేశారు. మిల్లు పాడుబడి పోయేదాకా ఆ బండి అతనే తోశాడు.

ఆ రోజు ముగ్గురం కాలవ దాటాం. గుంత దగ్గర బండి దించాక అత్త నీళ్ళకు పోయింది. నేను అతని పక్కన కూర్చున్నాను.

"పెంకులు మనవి కావు కదా మామా. ఏంటికట్ల చెప్పితివి?"

అతను బండిలోంచి చేతికందినంత కుప్ప లాగి మా ఇద్దరి మధ్య పోశాడు. కాగితాలు ఒకవైపు తోస్తూ అన్నాడు:

"బియ్యం తింటిమి కదా వల్లీ."